టీవీ కింద నిమ్మకాయ

కార్వేటినగరం

తమ్ముడు ధనంజయకు అక్క దీవెనలు.

ఈ ఉత్తరం జోధ్‌పూర్ లారీ ఆఫీసులో నీకు అందుతుందన్నారు. నువ్వు ఎడారిలోకి లోడు తీసుకుపోతున్నావని విన్నప్పటి నుంచి అమ్మ ఒకచోట కుదురుగా కూర్చోవడం లేదు.

మునిరామయ్య మామ ఇంట్లో, మద్రాసు టీవీలో మనం చూసిన ఆస్ట్రేలియా సీరియల్ గుర్తుందా? చెట్టూ మనిషీ లేని ఎర్రమట్టి దారి, దాని మీద ఒకే ఒక్క లారీ, దాన్ని నడిపే కుర్ర డ్రైవరు. ఆకాశం అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. మాటలు అర్థం కాకపోయినా ఊపిరి బిగబట్టుకుని చూసేవాళ్లం. "ఆడ దప్పికైతే ఎవుర్ని అడుగుతాడో ఆ పిలగాడు" అని అమ్మ ప్రతి వారం దిగులుపడేది. లారీ కదిలే ముందు చక్రాల కింద పెట్టినట్టు, సీరియల్ మొదలయ్యే ముందు టీవీ కింద నిమ్మకాయ పెట్టేది. ఎన్ని ఆపదలొచ్చినా ఆ డ్రైవరు గట్టెక్కేవాడు. అందుకే మనమెవ్వరం నవ్వలేదు.

ఆ సీరియల్ అయిపోయి ఏళ్లయింది. నిన్న అమ్మ మామ ఇంటికి పోయి, ఆపేసి ఉన్న టీవీ కింద నిమ్మకాయ పెట్టింది. "నా బిడ్డ ఆ దారినే పోతా ఉండాడు" అంది.

చేరగానే కార్డు ముక్క రాయి. అది వచ్చేదాకా, శుక్రవారం వచ్చే సినిమా పాటలకు కూడా, టీవీ ముట్టుకోవద్దని మామ ఇంట్లో అందరికీ చెప్పాడు.

మీ అక్క