కాపలా కుర్చీ

సిరిసిల్ల,
14-8-2025, గురువారం.

చిరంజీవి సాయిచంద్‌కు మీ బావ వెంకటి దీవించి రాస్తున్నది. బెల్లంపల్లిలో నువ్వు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమే అని రాసి తర్వాతి సంగతికి పోవాలి, కానీ ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మాకున్నది ఒక్కటే గది, మీ అక్కవి పాముచెవులు. అందుకే కొట్లో కూర్చుని రాస్తున్నాను.

మేమిద్దరం పనిచేసిన కార్ఖానా మూతపడ్డాక నాకు ఈ కిరాణా కొట్లో పద్దులు రాసే పని దొరికింది. మీ అక్క అనసూర్యకు ఏమీ దొరకలేదు. గోడకు ఒరిగి కూర్చునేది. పెట్టింది తినేది కాదు, తల దువ్వుకునేది కాదు. ఒకరోజు, నేను లేకుంటె నీకు జర నిమ్మళం గదా అన్నది. ఆ మాటకు భయపడి కరీంనగర్ తీసుకుపోయాను. డాక్టరు ఇది డిప్రెషన్ అని చెప్పి మందులు రాశాడు. మందుల మీద నాకు అనుమానం లేదు. వేసుకుంటున్నది, కొంచెం కొంచెం తింటున్నది. నా అనుమానమంతా పక్కగది మీద.

ఆ గదిలో రోజారాణి అని ఒక మేడం ఉంది. మందులతో పాటు హిప్నాసిస్ కూడా చేస్తే మేలని డాక్టరు ఆమె దగ్గరికి పంపాడు. ఆ పేరు వినగానే చిన్నప్పుడు కొండగట్టు జాతరలో చూసినవాడు గుర్తొచ్చాడు. ఒక మనిషి కళ్లలోకి చూసి మత్తులో పడేసి, ఉల్లిగడ్డ చేతికిచ్చి జామపండని తినిపించాడు. జనం ఈలలు వేశారు. మీ అక్క చేత వీళ్లు ఏం చేయిస్తారో, ఇంటి సంగతులు ఏమేం చెప్పిస్తారో ఎవరికి తెలుసు?

రెండుసార్లు నన్ను బయట కూర్చోబెట్టారు. తలుపు మూస్తే లోపలి మాట వినపడదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగితే, ఏం జెప్పలే, ఊపిరి పీల్సుడు, ఇడుసుడు, గంతే అన్నది. అంతమాత్రానికి తలుపు మూయడమెందుకు అన్నాను. నువ్వు బయట కూసోని పరేషాన్ కావాల్నని అన్నది.

మొన్న సోమవారం నేనూ లోపలికి వస్తానని పట్టుబట్టాను. మీ అక్క ఒప్పుకుంటే రావచ్చని మేడం అన్నది. రానియ్యి మేడం, లేకుంటె తలుపు పీకి సంకల వెట్టుకపోతడు అని మీ అక్క అన్నది. మూలనున్న కుర్చీలో కాపలా కూర్చున్నాను. మంచినీళ్లు ఇచ్చారు, తాగలేదు. అందులో ఏం కలిపారో!

మేడం మెల్లగా మొదలుపెట్టింది. కళ్లు మూసుకో అమ్మా, ఏ చప్పుడూ లేని చోట ఉన్నావనుకో, అంతా నిశ్శబ్దం అన్నది. మీ అక్కకు ఎగశ్వాస మొదలైంది. నేను లేచి, ఇగ సాలు, ఆపుండ్రి అన్నాను. మీ అక్క కళ్లు తెరిచి, గట్ల అనకు మేడం, సాంచలు బందైనట్టున్నది అన్నది.

మేడంకు అర్థం కాలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. మరమగ్గాలను మేం సాంచలంటాం. పుట్టినప్పటి నుంచి వాటి మోతలోనే నిద్రపోయినవాళ్లం. మోత ఆగిందంటే కరెంటు పోయిందనో, నూలు రాలేదనో, కూలి లేదనో. మా వాడలో చప్పుడు లేకపోతే ఏమైందోనని అందరం వాకిట్లోకి ఉరుకుతాం.

తప్పు నాదేనమ్మా అన్నది మేడం. అయితే సాంచలన్నీ నడుస్తున్నాయనుకో, పోగు ఒక్కటీ తెగడం లేదు, నువ్వు లేవక్కర్లేదు అంటూ, బల్ల మీద వేళ్లతో టకటకా కొట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. మీ అక్క తేటపడ్డ ముఖంతో లేచింది.

అదే నాకు నచ్చలేదు. సాంచ ముఖం చూడని మనిషి, ఉత్త మాటలతో మనలాంటివాళ్లను అట్లా మెత్తబరచడం ఏమిటి? ఇది మందులకు బదులు కాదని, వాటికి తోడని, ఇష్టం లేనిదే ఎవరి చేతా ఏమీ చెప్పించలేమని ఆమె వివరంగా చెప్పింది. జాతరవాడు కూడా తన గురించి మంచిగానే చెప్పుకుని ఉంటాడు.

నా మాట మీ అక్క వినదు, నీ మాట వింటుంది. వచ్చే సోమవారం మళ్లీ రమ్మన్నారు. నువ్వు ఆదివారమే బయలుదేరి వచ్చి, మందులు చాలు, ఆ గది వద్దని గట్టిగా చెప్పు.

పిల్లలకు నా ముద్దులు.

మీ బావ,
వెంకటి.

తా.క.: ఉత్తరం జేబులో పెట్టుకుని మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాను. మీ అక్క చూసి, ఎవ్వలకు, మా తమ్మునికేనా, సదువు అన్నది. చదివాను. చివరిదాకా విని, అసలు ముచ్చట రాయకపోతివి గదా అన్నది. రాస్తున్నాను.

మేడం సాంచల మాట చెప్పినంతసేపూ మీ అక్క మెలకువగానే ఉంది. నిద్రపోయింది నేను. ఆ కుర్చీలోనే, నోరు తెరుచుకుని. కార్ఖానా మూతపడ్డాక నాకూ నిద్ర లేదు, ఆకలి లేదు. ఎవరికీ చెప్పలేదు. లేచేసరికి నా ముఖమంతా తడి. మీ అక్క కొంగుతో తుడుస్తూ, మేడం, ముందుగాల గీయనను సూడుండ్రి అన్నది. సోమవారం నన్ను కూడా చూస్తానని డాక్టరు చెప్పాడు. అది తప్పించుకోవడానికే అసలు ఆ గదే వద్దని నీ చేత చెప్పించాలనుకున్నాను.

ఆదివారం తప్పకుండా రా. మీ అక్కను ఆపడానికి కాదు. నేను వేములవాడలోనే బస్సు దిగి పారిపోతానని ఆమె అంటున్నది. నిజమే, దిగుతాను. చెరొక పక్క కూర్చుంటే కరీంనగర్ దాకా వస్తాను.