పీకలో వేసిన మందు

భీమిలి, 12-5-2003

బామ్మర్ది గవర్రాజుకి బావ చలమయ్య రాయించేది.

మీ ఆస్పత్రి మందుల కిటికీలోంచి నువ్విచ్చిన గొట్టం మాత్రలు గంజితో మింగుతన్నాను. ఆయాసం తగ్గనేదు. నెలాఖరుకి సేపల వేట తెరుస్తారు. వల లాగలేనోడికి బోటులో చోటు లేదని ఓనరు సెప్పేసినాడు. సూదిమందు పంపించు. సూది లేనిది మందేటి?

మీ బావ

తా.క.: రాస్తన్నది మీ అప్ప సన్యాసమ్మ. మాత్రలతో ఇచ్చిన ప్లాస్టిక్ పీక బాగుంది తమ్ముడూ. అందులో కారం పోసుకుంటన్నాను.

విశాఖపట్నం, 19-5-2003

బావకి నమస్కారాలు.

అవి మింగేవి కావు. మాత్రని పీకలో పెట్టి తిప్పితే పొడి రాలుతుంది. పీక నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాలి. ఆయాసం కడుపులో ఉందా, కడుపులోకి పంపడానికి? ఎలా వాడాలని ఆ రోజే అడిగితే నీ నోరు అరిగిపోతుందా? సూది మాట మర్చిపో.

గవర్రాజు

తా.క.: అప్పా, మోకాళ్ళకిచ్చిన ట్యూబు పూసుకోవాలి. తినకు.

భీమిలి, 26-5-2003

బామ్మర్దికి,

ఆయాసం తగ్గిపోతాదని ఓనరు నమ్మాలని ఆయన ముందరే పీల్సినాను. పేణం పోయినంత పనైంది. గంటసేపు దగ్గు, కళ్ళంట నీళ్ళు. ఓనరు నా భుజం తట్టి, నా చోటులోకి అర్జునరావుని తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఆ వల లాగినాను. ఏం మందిచ్చినావు?

చలమయ్య

తా.క.: మీ బావకి చెప్పకు తమ్ముడూ. పీక కడిగినాను గానీ, మూల్న కారం ఉండిపోయినట్టుంది. ట్యూబు ఇప్పుడు పూసుకుంటన్నాను.

విశాఖపట్నం, 31-5-2003

బావా,

తప్పు నీదేనని రాద్దామని కూర్చున్నాను. మీ మొదటి ఉత్తరం మళ్ళీ తీస్తే కారం సంగతి అందులోనే ఉంది. కిటికీ ముందు జనం ఉంటే ఆఖరిదాకా చదవలేదు. నా వల్లే నీ చోటు పోయింది. చాలా బాధగా ఉంది. ఎనిమిదో తేదీ ఆదివారం కొత్త పీక తెచ్చి చూపిస్తాను. అయినా బావా, మందిచ్చిన రోజు నా ఎదురుగా నిలబడి ఎందుకు అడగలేదు?

గవర్రాజు

తా.క.: ఓనరుతో నేను మాట్లాడతాను. అప్పా, కారం సంగతి దాచొద్దు, బావకి చదివి వినిపించు.

భీమిలి, 4-6-2003

బామ్మర్దికి,

బోట్లు ఎల్లిపోనాయి. ఒడ్డున నిలబడి సూసినాను. ఇంక ఓనరుతో మాటలెందుకు?

అడిగినావు కాబట్టి సెప్తన్నాను. ఆ రోజు మీ డాక్టరమ్మ ‘ఎవరీయన?’ అంది. నువ్వు ‘మా ఊరాయన’ అన్నావు. నా సొక్కా సేపల వాసనొత్తందని నాకూ తెలుసు. బావనైతే అడుగుదును. ఊరాయన్ని, ఇంకెంతసేపు నిలబడతాను?

ఆదివారం రా. సేప వండిస్తాను.

చలమయ్య

తా.క.: పాత పీక మీ బావే మూడుసార్లు కడిగి ఎండబెట్టినాడు తమ్ముడూ. నువ్వొచ్చి చూపించేదాకా ముట్టడంట. ‘మా బామ్మర్ది వత్తన్నాడు, ఆస్పత్రిలో పెద్దాయన’ అని వీధంతా చెప్పుకుంటన్నాడు.