బెండ మడిలో గురుగ్రహం

అలియాబాద్,
29 మార్చి, 2026.

చిరంజీవి అన్వేష్‌ను అక్క అశ్రిత మనసారా దీవించి రాసే సంగతులు. అమ్మ, బాపు, నేను బాగున్నాం. శిక్షణలో నీకు ఫోన్ ఇవ్వరు కాబట్టి ఇవన్నీ కాగితం మీదే చెప్పాలి.

నువ్వు వదిలివెళ్లిన టెలిస్కోపుకు ఫోన్ బిగించి ఫొటోలు తీస్తున్నాను. మొదట డాబా మీద నుంచి తీస్తే చంద్రుడు మరిగే నీళ్లలో పడ్డట్టు వణికాడు. అద్దం పాడైందనుకున్నాను. కాదు, ఎండకు కాలిన స్లాబు సాయంత్రం వేడి కక్కుతోంది! గేటు పక్క బెండ మడిలోకి దింపాక, వెలుగూ నీడా కలిసే అంచున గుంతలన్నీ గీసినట్టు కనిపించాయి.

మొన్న పొద్దుగూకగానే గురుగ్రహానికి తిప్పాను. అప్పుడే బాపు తూంకుంట ప్లాట్ల దగ్గర నుంచి వచ్చాడు. కారు లైట్లు ఆర్పమన్నాను. "మొక్కలు తొక్కుకుంట ఏం జేస్తున్నవే?" అని కసురుతూనే వచ్చి కన్ను పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తరవాత గొట్టం ముందుకు వెళ్లి తడిమాడు. "గీడ బొమ్మ అంటవెట్టినవా ఏంది?"

గ్రహానికి అటూ ఇటూ వరుసగా ఉన్న నాలుగు చుక్కలూ దాని చంద్రులంటే నమ్మలేదు. మర్నాడు మాత్రం తనే జల్దీ ఇంటికొచ్చాడు. చూస్తే మూడే ఉన్నాయి.

"నిన్న నాలుగుండె గద. ఒకటేడికి వోయింది?" మస్తు పరేషాన్ అయ్యాడు.

గ్రహం వెనక నీడలోకి వెళ్లిందన్నాను.

"మళ్ల వస్తదా? ఎప్పుడొస్తదో ముందుగాల్నే ఎర్కైతదా?"

తెలుస్తుందన్నాను. అన్నానికి పిలిచినా కదల్లేదు. గ్రహానికి కాస్త ఎడంగా, చీకట్లోంచి ఆ చుక్క మెల్లగా వెలగగానే అమ్మను కేకేశాడు. ప్లాట్లు చూసుకోకుండా సైన్యంలోకి వెళ్లావని నీ పేరెత్తడం మానేసిన మనిషి, ఇంట్లో అంత సంబరంగా మాట్లాడింది మళ్లీ అప్పుడే.

వీడియో తీసి, నిలకడగా ఉన్న బొమ్మలను లాప్‌టాప్‌లో ఒకదానిపై ఒకటి పేర్చితే గురుడి మీద రెండు గోధుమరంగు పట్టీలు తేలాయి. మబ్బులని చెప్పాను. "మబ్బులైతే ఆడ గూడ వాన వడ్తదా?" అని బాపు అడిగాడు. నాకు తెలియలేదు. నీకు తెలిస్తే రాయి.

ఒంట్లో జాగ్రత్త.

నీ అక్క,
అశ్రిత

తా.క.: రాయొద్దంటున్నాడు గానీ రాసేస్తున్నా. నీకు ఉత్తరం రాయమని కూర్చోబెట్టింది బాపే. మీ పాసింగ్ అవుట్ పరేడుకు ముగ్గురికీ నాసిక్ టికెట్లు తీయించాడు. "గా దుర్బిన్ మిలిటరోళ్లు లోపలికి రానిస్తరో లేదో, వాన్నే అడుగు" అంటున్నాడు.