ఎర్ర లీవరు లాగాక నల్ల లీవరు రాదు

సైదులన్నకు, నీ చెల్లె జ్యోతి దండం పెట్టి రాస్తున్నది.

నువ్వు, వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మిల్లులో పని ఒత్తిడి ఎక్కువైందని వదిన చెప్పింది. వేళకు తిను. నేనూ శ్రీనూ ఇక్కడ బాగానే ఉన్నాం, మా గురించి దిగులు పెట్టుకోకు. రోజూ ఫోన్‌లో మాట్లాడుతూ ఈ ఉత్తరం ఎందుకని అనుకుంటావేమో. ఈ కవరులో ఇంకో కాగితం మడిచి పెట్టాను. దాన్ని ఫోటో తీసి పంపితే సరిపోదు, అసలుదే నీ చేతికి రావాలి. ముందు నేను రాసింది మొత్తం చదివి, ఆ తర్వాతే దాన్ని విప్పు.

ఇక్కడ మూడు వారాలుగా వాన. మన వానలా గట్టిగా కొట్టి పోదు, పొద్దస్తమానం సన్నగా కారుతూనే ఉంటుంది. బట్టలు ఆరవు. శ్రీను బస్సు డ్యూటీ ఒక వేళ, నా కేబిన్ డ్యూటీ ఇంకో వేళ, ఇద్దరం కలిసి అన్నం తినేది వారానికి రెండు రోజులు. మనవాళ్ల దుకాణం గంట దూరంలో ఉంది. అక్కడి బియ్యం తింటుంటే మిర్యాలగూడ మిల్లు ముందు పెరిగినదాన్ని ఇవేం తింటున్నానని ఏడుపొస్తుంది. వీలైతే చింతకాయ తొక్కు, వదిన పట్టించే కారం పంపు. ఎవరి చేత పంపకూడదో కింద చదివితే నీకే తెలుస్తుంది.

నా పని సంగతి నీకు సగమే చెప్పాను. వేల్స్ సరిహద్దు దగ్గర చిన్న స్టేషన్. ఈ దేశంలో చాలా లైన్లు కంప్యూటర్ల మీదికి పోయాయి. మా దగ్గర మాత్రం ఇంకా మన నాయన కేబిన్‌లో చేసిన పాత పద్ధతే నడుస్తున్నది. చెక్క మెట్లెక్కితే పైన అద్దాల గది, అందులో వరసగా ఇనుప లీవర్లు. లీవరు లాగితే తీగ గుంజుకొని దూరాన స్తంభం మీద ఎర్ర రెక్క కదులుతుంది. మిగతా చోట్ల దారి ఇచ్చినప్పుడు రెక్క పైకి లేస్తుందట, మా వైపు మాత్రం మన లైను మీద లాగే కిందికి వాలుతుంది. మొదటిరోజు అది వాలడం చూసి మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను. పక్క స్టేషన్ కేబిన్‌లో ఎవరుంటారో నేను మొహం చూడలేదు. వాళ్లు ఒక్క గంట కొడితే 'ఉన్నావా' అని అడిగినట్టు. నేను తిరిగి ఒక్కటి కొడితే 'ఉన్నాను' అన్నట్టు. పన్నెండు గంటల డ్యూటీలో ఒక్కోరోజు అంతకుమించి మాట ఉండదు.

అన్నా, ఈ పని నేర్చుకునేటప్పుడే నాకు నాయన కేసు అర్థమైంది. నల్ల లీవరు పాయింటుది, పట్టాలను ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించేది. ఎర్ర లీవరు సిగ్నల్‌ది. ముందు నల్లది సరిగ్గా వేస్తే తప్ప ఎర్రది కదలదు. ఎర్రది లాగి రెక్క వాల్చాక నల్లది బిగుసుకుపోతుంది. కిందున్న ఇనుప తాళాలు దాన్ని పట్టేసుకుంటాయి. అంటే సిగ్నల్ ఇచ్చి, బండి వస్తుండగా పాయింటు తిప్పడం మనిషి వల్ల కాదు. నేర్పించే ఆయన ఈ మాట చెప్పినప్పుడు నేను మూడుసార్లు అడిగాను. చెవిటిదాన్ని అనుకుని ఆయన మూడుసార్లూ ఓపిగ్గా చెప్పాడు.

నాయన ఎంక్వైరీలో చెప్పింది సరిగ్గా ఇదే కదా. "సిగ్నల్ ఇచ్చినంక పట్టా తిరగదు సార్, తిప్పుదామన్నా తిరగదు" అని ఇంటికొచ్చి అమ్మకు కూడా అదే చెప్పేవాడు. తాళం పాతదై అరిగి ఉంటుంది, తాగిన మైకంలో బలవంతంగా లాగి ఉంటావని రాసి ఉద్యోగంలోంచి పంపించేశారు. గూడ్సు ఇంజను పట్టాలు దిగింది, ఎవరికీ దెబ్బ తగలలేదు, మన ఇల్లు మాత్రం కూలింది. కల్లు కూడా ముట్టని మనిషికి తాగుబోతు అని పేరు పెట్టారు. కేబిన్‌లో లీవర్లు లాగిన చేతులతో కన్నుమూసేదాకా మిల్లులో బస్తాలు మోశాడు. నువ్వు పదో తరగతి మధ్యలో పుస్తకాలు పక్కన పెట్టి ఆయన వెంట నడిచావు. నన్ను బడి మాన్పించకుండా నువ్వు మానావు. అది నేను మరిచిపోయాననుకోకు.

నాయన మీద సాక్ష్యం చెప్పి, సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్న ఆ స్టేషన్ మాస్టరు, ప్రసాదరావు, ఇంగ్లండులో కూతురి దగ్గరకు వస్తున్నాడని దసరాకు నువ్వు చెప్పావు గుర్తుందా? "నీ దిక్కే వస్తుండంట, రైలు కింద పడెయ్" అని నవ్వావు. నేను నవ్వలేదు. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సప్ గ్రూపులన్నీ వెతికి ఆయన కూతురు సునీతను పట్టుకున్నాను. ఆమె ఉన్న గ్రూపులో చేరి మా కేబిన్ ఫోటో పెట్టాను. లీవర్లు మెరిసేలా తుడిచి మరీ తీశాను. రెండో రోజే ఆమె మెసేజ్: "మా నాన్నగారు స్టేషన్ మాస్టరుగా చేశారండీ, ఇవి చూస్తే ప్రాణం లేచొస్తుంది, చూడనిస్తారా?" నిజం చెప్తున్నా అన్నా, ఆ రోజు వంట చేస్తూ పాట పాడుకున్నాను. ఏంటి విశేషమని శ్రీను అడిగితే చెప్పలేదు.

పోయిన ఆదివారం లైను మరమ్మతుకు బళ్లన్నీ ఆపారు. కేబిన్‌లోకి బయటివాళ్లను రానివ్వరు గానీ, బళ్లు లేవు గనుక మా మేనేజరు డేవిడ్‌ను అడిగితే, తనూ పక్కనుంటానని ఒప్పుకున్నాడు. ఆయన, సునీత, ఆమె భర్త, గ్రూపులోని ఇంకో నలుగురు, మొత్తం ఏడుగురు వచ్చారు. నేను పొద్దున్నే లేచి పులిహోర చేసుకుని పోయాను. శత్రువుకు అన్నం పెట్టే మంచితనం నాకు లేదన్నా. ఆయన్ని నిమ్మళంగా ఉంచాలి, నోరు విప్పించాలి, అందుకు పెట్టాను.

మనిషి వంగిపోయాడు. మెట్లెక్కడానికి కూతురు చెయ్యి పట్టుకుంది. పైకి రాగానే లీవర్లు చూసి అక్కడే నిలబడిపోయాడు. చేతి చెమటకు తుప్పు పట్టకుండా మేము గుడ్డతో పట్టుకుంటాం కదా, ఆ గుడ్డ ఎవరూ చెప్పకుండానే తీసుకున్నాడు.

"ఎన్నేళ్లకు చూశానమ్మా వీటిని! మీదే ఊరు?" అన్నాడు.

"అత్తగారిది హాలియా సార్," అన్నాను. అబద్ధం కాదు కదా.

"అయితే మన లైనే! మిర్యాలగూడ దగ్గర నేను పనిచేశానమ్మా."

"అవునా సార్? గప్పటి ముచ్చట్లు ఏమన్న చెప్పుర్రి, అందరం వింటం."

ఆయన చెప్పింది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మా కేబిన్‌లో లింగయ్య అని ఒకడుండేవాడు. వట్టి తాగుబోతు. ఒకరోజు సిగ్నల్ వాలి గూడ్సు లోపలికి వస్తుంటే, వెధవ, దాని కిందే పాయింటు తిప్పేశాడు! నేను ఎదురు పరిగెత్తి ఆపబట్టి సరిపోయింది."

అందరూ అబ్బో అన్నారు. "చిన్నప్పటి నుంచి వింటున్నాను ఈ కథ. మా నాన్న ధైర్యం అది," అంది సునీత.

చెంప పగలగొట్టాలని చెయ్యి లేచింది, దాన్ని వెనక్కి పెట్టుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టు చెయ్యాలి. నల్ల లీవరు వేశాను. ఎర్రది లాగాను. కిటికీలోంచి అందరికీ రెక్క వాలడం కనబడింది.

"సార్, సిగ్నల్ ఇచ్చిన. బండి వస్తున్నదనుకోర్రి. ఇప్పుడు లింగయ్య ఏం చేసిండో చేసి సూపిస్తరా?" అన్నాను.

ఆయన చెయ్యి నల్ల లీవరు మీద ఆగింది. రైల్వేలో ముసలైన మనిషి, లాగితే రాదని తెలియదా? "పాతవైతే తాళం అరుగుతుందమ్మా, అప్పుడు వస్తుంది," అన్నాడు మెల్లగా.

"ఇది నూరేళ్లు దాటింది సార్. మీ కేబిన్ దీని ముందర నిన్నటిది. లాగుర్రి."

రెండు చేతులా పట్టుకుని లాగాడు. రాలేదు. అల్లుడు నవ్వుతూ ముందుకొచ్చి, కాలు తన్నిపెట్టి లాగాడు. వెంట్రుకంత కూడా కదల్లేదు. ఏం జరుగుతున్నదో తెలియని డేవిడ్, ఆ తాళం ఎంత బలమున్నవాడినీ లాగనివ్వదని, అందుకే దాన్ని పెట్టారని గొప్పగా చెప్పాడు. ఆ మాట నేను తెలుగులో అందరికీ మళ్లీ చెప్పాను.

"మరి లింగయ్య ఎట్ల లాగిండు సార్?"

సునీత "నాన్నా?" అంది. ఆయన నా మొహంలోకి అప్పుడు చూశాడు, సరిగ్గా అప్పుడు.

"నువ్వు లింగయ్య కూతురివా?"

"అవును. తాగుబోతు లింగయ్య బిడ్డనే."

అప్పుడు జరిగింది చెప్పాడు. సిగ్నల్ వాలనే లేదట. గూడ్సు బయట ఆగి ఉంటే, ఎందుకు ఆపావని పైవాళ్లు ఫోన్ మీద ఫోన్ చేశారట. పాయింటు ఇంకా పట్టాకు సరిగ్గా కూర్చోలేదు, ఆగండని నాయన కేబిన్ మీది నుంచి అరిచాడట. ఈయన ఆగకుండా తనే పచ్చజెండా చూపించాడట. సిగ్నల్ దాటమనే కాగితం లేకుండా వట్టి జెండా చూసి బండి కదిపాడు గనుక డ్రైవరు కూడా ఈయన మాటకే తల ఊపాడట. నాయన జెండా మాటెత్తితే ఇద్దరూ ఒక్కటై కాదన్నారట. "నా పిల్లలు చిన్నవాళ్లు అప్పుడు," అన్నాడు.

"మేము పెద్దోళ్లమా?" అన్నాను.

ఇంకో మాట కూడా అన్నాడు. దాంతో నా మనసు కరుగుతుందనుకున్నాడు కాబోలు. "తర్వాత ఒకసారి మిల్లు దగ్గరకు వచ్చానమ్మా, చెప్పేద్దామని. మీ నాన్న వీపు మీద బస్తాతో ఎదురొచ్చాడు. చూడలేక వెనక్కి పోయాను."

అన్నా, అంతవరకు నాకు కోపమే ఉంది. అది విన్నాక ఏమొచ్చిందో దానికి పేరు తెలియదు. "సూసి కూడ పోయినవా?" అన్నాను. సార్ అనే మాట నా నోటికి మళ్లీ రాలేదు. ఆయన చేతులు జోడించాడు. నేను ఆ చేతుల్లో కాగితం, పెన్ను పెట్టాను.

రాయనన్నాడు. ఈ వయసులో పరువు తియ్యొద్దన్నాడు. అల్లుడు నా మీదికి గొంతు లేపాడు. సునీత మాత్రం భర్తను చేత్తో ఆపి, తండ్రి మొహం చూడకుండా, "రాయండి నాన్నా," అంది. ఒకే ఒక్కసారి అంది. ఆయన వంగి రాశాడు. కింద సాక్షిగా ఆమె, నేను అడక్కుండానే, సంతకం పెట్టింది. దిగి పోయేటప్పుడు ఆమె తండ్రి చెయ్యి పట్టుకోలేదు. ఆయన కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే నేను పైనుంచి చివరిదాకా చూశాను. జాలి పడ్డానని నీకు అబద్ధం రాయలేను. నాకు కావలసిందే అది. కడుపు నిండా చూశాను.

ఇంటికొచ్చి శ్రీనుకు చెప్తే మొత్తం విన్నాడు. చివరికి "ఆ పిల్ల ఏం పాపం చేసింది?" అన్నాడు. సునీత ఏ పాపమూ చెయ్యలేదు. కానీ ఇంకోసారి అవకాశమొస్తే ఇదే చేస్తాను, ఆ పిల్ల ముందే చేస్తాను.

ఇప్పుడు ఆ కాగితం విప్పు. ఆయన రాతే: "లింగయ్య పాయింటు తిప్పలేదు. తాగలేదు. సిగ్నల్ ఇవ్వకముందే జెండా చూపించింది నేను." అమ్మకు ఎడమ చెవి సరిగ్గా వినబడదు, కుడివైపు కూర్చుని మెల్లగా చదువు. ఏడిస్తే ఏడవనివ్వు, ఆపకు.

ఆయన ఈ నెలాఖరుకు సూర్యాపేట చేరతాడు. మిర్యాలగూడకు వచ్చి, మన వాకిట్లో, నాయనతో బస్తాలు మోసినవాళ్లందరి ముందు ఇదే తన నోటితో చదువుతానని ఒప్పుకున్నాడు. తీసుకొచ్చే పూచీ సునీత తీసుకుంది; తిరిగొచ్చేటప్పుడు ఆమె చేత మాత్రం తొక్కు, కారం పంపకు. మిల్లువాళ్లకు ముందే కబురు పెట్టి పిలువు. మోతె నుంచి మేనమామను కూడా రమ్మను, తాగుబోతు ఇంటికి పిల్లనిచ్చామని ఆయన అమ్మను ఎన్ని మాటలన్నాడో నాకు గుర్తుంది. ఆ రోజు ఫోన్ పట్టుకుని నాకు మొదటి నుంచి చూపించు, డ్యూటీ మార్చుకుని కూర్చుంటాను.

అమ్మ పాదాలకు నా దండాలు. వదినకు, మిల్లు దగ్గరి పెద్దలకు నమస్కారాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. నువ్వూ అమ్మా దూరం నుంచే నా తల మీద చెయ్యి పెట్టినట్టు అనుకుని నన్ను దీవించండి. ఒక్కటే మాట అన్నా, నీది మెత్తని మనసు కాబట్టి చెప్తున్నాను. ముసలాయన ఎండన పడి వస్తాడు, మంచినీళ్లు ఇవ్వు. కుర్చీ మాత్రం వెయ్యకు. ఎంక్వైరీ జరిగిన రెండు రోజులూ నాయనను నిలబెట్టే అడిగారు.

ఎప్పటికీ నీ చెల్లె,
జ్యోతి