నోట పెట్టిన వెన్న

డాక్టరమ్మా,

నేను మేరిమ్ నాయనమ్మను. పోయిన వారం పాలచుక్క తగిలి మూతి వాచిన పిల్లను కొండ మీది మా డేరా నుంచి మీ దగ్గరకు తెచ్చాం కదా. పిల్ల నెత్తుట్లోని కాపలావాళ్లు ఆవుపాలను శత్రువనుకుని కలబడుతున్నారన్నారు మీరు. తల ఊపాను గానీ నాకేమీ అర్థం కాలేదు. అది శత్రువని వాళ్లకు ఎవరు నేర్పారు?

మాలో పుట్టిన బిడ్డకు తల్లిపాలకన్నా ముందు పెద్దవాళ్లు నోట్లో వెన్న పెడతారు. ఎవరు పెడితే వాళ్ల పోలిక వస్తుందంటారు. మేరిమ్‌కు పెట్టింది నేనే. "నా బిడ్డ మీ అంత గట్టిది కావాలి అత్తమ్మా," అని కోడలు చినారా ఏరికోరి నా చేతే పెట్టించింది.

మీకొక్కరికే చెబుతున్నాను. చిన్నప్పుడు పాలు తాగితే నాకూ మూతి వాచేది. "గుర్రాల కాపరి కూతురివి, పాలు పడవని వేషాలు వేయకు!" అని మా అమ్మ వీపు మీద ఒకటి వేసేది. అరవై ఏళ్లుగా ఆవులు పితుకుతున్నాను, ఒక్క గుటక తాగలేదు. పాలు లేని టీయే ఇష్టమని అందరినీ నమ్మించాను.

ఇది నా చేతి నుంచి వచ్చిందా, నెత్తుటి నుంచి వచ్చిందా? నేను వెన్న పెట్టకపోయినా వచ్చేదేనా? ఎంత ఆలోచించినా తెగడం లేదు. చినారాకు ఇప్పుడు ఏడో నెల. "ఈసారీ మీరే అత్తమ్మా," అంటోంది. వద్దంటే ఎందుకని అడుగుతుంది.

ఈ ఉత్తరం కవర్లో పెట్టి అంటించి, మేరిమ్‌ను మళ్లీ మీకు చూపించడానికి వస్తున్న చినారా చేతికే ఇస్తున్నాను. మీరు చదివేటప్పుడు ఎదురుగా కూర్చుని మీ మొహమే చూస్తూ ఉంటుంది. దయచేసి నవ్వుతూ చదవండి.