తమ సభ్యుడు నాటి మరచిన గుర్తును తొలగించుట గురించి

మిర్కాబ్, కువైత్
16-8-1982

జపాను దేశ సర్వేయర్ల జాతీయ సంఘం అధ్యక్షులవారి సముఖమునకు, టోక్యో.

తూర్పు గోదావరి జిల్లా పిఠాపురం కాపురస్థుడు, ప్రస్తుతం పై చిరునామాలో పదకొండు మందిమి ఉండే గదిలో ఒకడు, సర్వే కూలీ వి. కుక్కుటేశ్వరరావు, వయస్సు 23, రాసుకొన్న అర్జీ.

విషయం: తమ సంఘ సభ్యులు శ్రీ హిరాసావా గారు నాటి, తీయుట మరచి స్వదేశం వెళ్ళిపోయిన గుర్తు ఒకటి, పేరు ఓబులేసు, వయస్సు 31, దానిని ఈ నెల 26వ తేదీ గురువారం లోపల తొలగించుట గురించి.

అయ్యా,

ఈ అర్జీ తెలుగులో ఉన్నది. తమకు తెలుగు రాదని నాకు తెలుసు. ఓబులేసుకి జపాను భాష రాదు. అయినా తమ సభ్యుడు జపాను భాషలో ఒక్క అరుపు అరిస్తే అర్థం చేసుకుని రెండున్నర గంటలు ఎండలో నిలబడ్డాడు. కడప జిల్లా చదువురానివాడికి సాధ్యమైనది టోక్యో అధ్యక్షులకు అసాధ్యం కాదని భావించి ఈ క్రింది అంశములు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. సబా అల్ సలేం అవతల కొత్తగా కట్టే ఇళ్ళకు మురుగు పైపులు వేయుటకు నేల ఎత్తుపల్లాలు కొలిచే పనిలో శ్రీ హిరాసావా గారు సర్వేయరు. ఓబులేసు స్టాఫ్ పట్టేవాడు. స్టాఫ్ అంటే అంకెలు వేసిన పొడుగాటి కర్ర. దొర లెవెల్ మిషనులోంచి చూసి ఆ అంకె రాసుకుంటాడు. కర్ర పెట్టిన చుక్క మీద నుంచి కర్ర పట్టినవాడు బెత్తెడు కదిలినా పొద్దుటి నుంచి రాసిన అంకెలన్నీ దండగ. కనుక దొర చెప్పేదాకా వాడు కదలరాదు. చెప్పడమంటే, దొర రెండు చేతులూ తల పైకెత్తి వేళ్ళు కలిపి గుండ్రంగా సున్న చుడతాడు. తమ దేశంలో దానికి "సరే" అని అర్థమట. మాకు అర్థం, "ఇంక దించు" అని.

2. జూలై 12న పదకొండున్నరకి ఓబులేసుని చుక్క మీద నిలబెట్టి, శ్రీ హిరాసావా గారు భోజనానికని చల్లటి కారులోకి వెళ్ళారు. తిన్నారు. నిద్రపోయారు. సున్న చుట్టలేదు.

3. అదే రెండున్నర గంటలూ లెవెల్ మిషను మీద గొడుగు ఉన్నది. ఎండ తగిలితే మిషనులో మట్టం చూపే బుడగ కదులుతుందని గొడుగు. గొడుగు పట్టడానికి ఒక మనిషి. మిషను మీద నీడ తప్పినట్టు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

4. రెండు గంటలకు ఓబులేసు పడిపోయినాడు. కారు దిగి వచ్చిన తమ సభ్యుడు మొదట చూసింది చుక్కని. చుక్క గుర్తుకు కొట్టిన మేకు వంగిందా లేదా అని వేలితో తడిమి చూశారు. మేకు వంగలేదు. అప్పుడు మనిషిని చూశారు. ఆనాటి సర్వే పుస్తకంలో వారు రాసిన వాక్యం ఇంగ్లీషులో ఉండగా చూసి నేను ఎత్తి రాసుకున్నాను: "స్టాఫ్ కదిలినది. తిరిగి కొలవవలెను." మర్నాడు నడుము సగానికి వంచి క్షమాపణ చెప్పారు. ఓబులేసుకి కాదు. ఒక రోజు పని ఆలస్యమైనందుకు కంపెనీ ఇంజనీరుకి. వారం తిరక్కుండా విమానం ఎక్కారు.

5. ఓబులేసు పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. జ్వరం దిగింది. మనిషి దిగలేదు. గదికి తెచ్చిన పూట నుంచి గది తుడిచే కర్రను రెండు చేతులతో నిటారుగా పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడు. అన్నం నిలబడే తింటాడు, మేము నోట్లో పెడితే. నిద్ర ముంచుకొచ్చి కూలబడితే పడుకోబెడతాం. కళ్ళు తెరిస్తే మళ్ళీ లేచి కర్ర పట్టుకుంటాడు. మాటలు అన్నీ తెలుసు. మమ్మల్నందరినీ పేరు పెట్టి పిలుస్తాడు. కూర్చోమంటే మాత్రం ఒకటే జవాబు: "దొర చెప్పల్ల."

మేము పదిమందిమీ వరసగా సున్నలు చుట్టి చూపించాం. "మీరు గాదులేప్పా" అన్నాడు. మా క్యాంపు బాసు ఖాజా హుస్సేన్ వచ్చి చూసి పగలబడి నవ్వినాడు. "ఏం పనోడు రా వీడు! జీతం ఆపేసినా డ్యూటీ ఆపల్యా. వీణ్ణి చూసి నేర్చుకోండి రా, నా కొడకల్లారా!"

6. ఇతని భార్య రెడ్డెమ్మ రుమైథియాలో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, శుక్రవారం రెండు గంటలు వదిలింది. మొన్న శుక్రవారం వచ్చి, మొగుడి ఎదురుగా నిలబడి, మేము నేర్పినట్టు గాజుల చేతులు రెండూ పైకెత్తి సున్న చుట్టింది. "దించయ్యా, నీ కాళ్ళకు మొక్కుతా, ఒక్కసారి కుచ్చోయ్యా" అని ఏడ్చింది. అతను ఆమె భుజం మీదుగా అవతలికి చూస్తూ, "పక్కకు జరుగు మే. మిషనుకు అడ్డమొస్తాండావ్" అన్నాడు.

ఆమె పక్కకు జరిగింది. ఉన్న రెండు గంటలూ పక్కనే నిలబడింది. చేతులు దించింది గానీ కూర్చోలేదు.

7. ఇతని ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, రద్దయినది. కంపెనీ 12వ తేదీన బొంబాయి విమానం ఎక్కించింది. విమానంలో కూర్చోవాలి, నడుముకు బెల్టు కట్టుకోవాలి. ఓబులేసు నడవలో నిలబడ్డాడు. నలుగురు పట్టి కూర్చోబెడితే నలుగుర్నీ విదిలించుకుని నిలబడ్డాడు. దించేశారు. కంపెనీ కాగితాలు చూసే అరబ్బు రెండు వేళ్ళు చూపించి, "రెండు వారాలు, ఆ గురువారమే ఆఖరు. అప్పుడూ కూర్చోకపోతే జైలు. ఖలాస్" అన్నాడు. జైలులో నిలబడి ఉండేవాణ్ణి ఎట్లా కూర్చోబెడతారో అధ్యక్షులవారు ఊహించగలరు. మోకాళ్ళు విరగ్గొడితే ఎవరైనా కూర్చుంటారు.

8. శ్రీ హిరాసావా గారు చెత్తబుట్టలో వేసిపోయిన తమ సంఘం ఇంగ్లీషు పుస్తకం, ఇరవై నాలుగు పేజీలది, నేను తెచ్చుకుని డిక్షనరీ పెట్టుకుని తొమ్మిది రోజులు చదివాను. నేను బళ్ళో చదివింది పదో తరగతి. మిగతాదంతా కరపత్రాల్లోనే చదువుకున్నాను. అచ్చు వేసిన మాటకు అచ్చు వేసినవాడు కట్టుబడాలని నమ్మేవాణ్ణి. నమ్మినందుకు మా గదిలో నన్ను చూసి నవ్వుతారు. తమ పుస్తకం పదిహేడో పేజీలో ఉన్నది: "సభ్యుడు నాటిన గుర్తును అన్యులు కదిలించరాదు. పని ముగియగానే తాత్కాలిక గుర్తులను నాటిన సభ్యుడే తొలగించవలెను."

పని ముగిసింది. పైపులు పాతేశారు. మురుగు పారుతోంది. గుర్తు ఇంకా మా గదిలో ఉన్నది. దీనిని అన్యులు కదిలించలేరని పదిమందిమీ, ఒక భార్య, నలుగురు విమానం వాళ్ళు రుజువు చేశాం. తమ పుస్తకంలో నిజమైన నియమం ఏదైనా ఉంటే ఇదొక్కటే.

కావున ప్రార్థించునది ఏమనగా, శ్రీ హిరాసావా గారిని వెంటనే ఇక్కడికి పంపించవలెను. ఆయన మూడు క్షణాలు చేతులెత్తితే చాలు. టీ కూడా మేమే ఇస్తాం. రాలేని పక్షంలో ఆయన సున్న చుట్టి నిలబడగా నిలువెత్తు ఫొటో తీయించి, 26వ తేదీలోగా టోక్యో నుంచి ఇక్కడికి వచ్చే ఎవరి చేతనైనా పంపవలెను. ఆయనకు జ్ఞాపకం లేదంటే ఆయన సర్వే పుస్తకంలో 12-7-82 పేజీ చూపించవలెను. ఇవేవీ కుదరవంటే తమ పుస్తకం పదిహేడో పేజీ చింపి పంపవలెను. ఓబులేసుతో పాటు జైలుకు పంపిస్తాను.

చిత్తగించవలెను. చిత్తగించునంతసేపు కుర్చీలో కూర్చొనరాదని మనవి.

ఈ కాగితం చేరువరకు మాత్రమే తమ విధేయుడు,
వి. కుక్కుటేశ్వరరావు

తా.క.: 3వ అంశంలో గొడుగు పట్టడానికి ఒక మనిషి అని రాశాను. ఆ మనిషి నేనే. వారం ముందే నన్ను స్టాఫ్ నుంచి గొడుగుకు మార్చారు. నీడ ఉద్యోగమని మురిసిపోయాను. గొడుగు నీడ మిషనుకీ నాకూ సరిపోయింది. ఓబులేసు రెండుసార్లు అరిచాడు. "ఒరే గోదారోడా, పొయ్యి దొరను లేపు రా, కండ్లు తిరుగుతాండాయి." కారు ఇరవై అడుగుల్లో ఉంది. గొడుగు వదిలితే బుడగ కదులుతుందని నేను వెళ్ళలేదు. "కదలకు, ఇంకో ఐదు నిమిషాలు" అని నేనే అరిచాను. బుడగ కదల్లేదు.

నిన్న, తమ సభ్యుడు వదిలేసిన తెల్ల టోపీ కనుబొమల దాకా దించి పెట్టుకుని, గుమ్మంలో వెలుగుకు వీపు పెట్టి నిలబడి సున్న చుట్టాను. ఓబులేసు కర్ర దించాడు. గోడకు ఆనుకుని మోకాళ్ళు వంచాడు. ముప్ఫై నాలుగు రోజుల తర్వాత సగం కూర్చున్నాడు. అప్పుడు కిందినుంచి టోపీ లోపలికి చూశాడు.

"నువ్వా? గొడుగోనివి గదరా నువ్వు. గొడుగు యాడ పెట్టొచ్చినావు? మిషనుకు ఎండ తగుల్తాంటాది, పో."

మళ్ళీ లేచి నిలబడ్డాడు.

కనుక ఫొటో పంపునట్లయితే, టోపీ తీసివేసి, ముఖం కనిపించునట్లు తీయించవలెను.