టీచరుగారికి పండగ కూరలు

అమ్మా,

నువ్వు చర్చి నుంచి వచ్చేసరికి నేను బందరు బస్సెక్కేస్తాను. క్రిస్మస్సైనా డ్యూటీ తప్పలేదు. బిర్యానీ నాన్న చూసుకుంటాడు, నువ్వు కూరలు చూడు. వంకాయలు గుత్తికి కోసి ఉప్పునీళ్ళలో వేశాను. బీరకాయ తొక్కు పారేయకు, పచ్చడి చెయ్యి. మాంసం తిప్పిన గరిటె వీటిలో పెట్టకు.

సీతామహాలక్ష్మి టీచరుగారు ఒంటిగంటకి వస్తారు. ఆవిడ నీచు ముట్టరు. ఎండురొయ్యలు కూడా నీచేనమ్మా! "రుచికి నాలుగేగా" అంటూ అలవాటుగా వేసేస్తావు.

"అలాంటివాళ్ళు మనింట్లో ఏం తింటారే" అని నువ్వన్న మాట నాకు నచ్చలేదు. నా నర్సింగ్ కాలేజీ ఫారం దగ్గరుండి నింపించింది ఆవిడే. మొన్న బంటుమిల్లిలో కనపడి, "స్వర్ణా, పండక్కి మీ అమ్మ చేతి కూర తినడానికి రానా?" అని ఆవిడే అడిగారు. కొత్త కంచాలేం కొనకు, మన కంచంలోనే పెట్టు. నువ్వు వంటింట్లో నిలబడిపోకుండా ఆవిడ పక్కనే కూర్చుని తిను.

స్వర్ణలత

రొయ్యల డబ్బా కోసం వెతక్కు, నా బ్యాగులో పెట్టుకుపోతున్నాను. వార్డంతా వాసనొస్తే ఆ పాపం నీదే. నాకు కాస్త వంకాయ కూర తీసి ఉంచు. సాయంత్రం డబ్బా తెచ్చాక ఆ కూరలో రొయ్యలు వేసి పెడుదువుగాని.